వాల్వుకి ఏ మోటారు, అల్లుడూ?

అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

రణస్థలం పనిలో వాల్వు తిప్పడానికి స్టెప్పరా (పల్సుకో మెట్టు చొప్పున తిరిగే మోటారు) సర్వోనా (తానెక్కడుందో చూసుకుంటూ తిరిగే మోటారు) అని అడిగావు. మోటారు కేటలాగు మూసి, ముందు వాల్వు దగ్గరకెళ్లు. లైన్లో పోయేది మండే సాల్వెంటయితే ఈ రెండూ మామూలువి పనికిరావు. పైడిభీమవరం ఫార్మా యూనిట్లలాంటి చోట ఫ్లేమ్‌ప్రూఫ్ (లోపలి మంట బయటికి రానివ్వని) సర్టిఫికెట్ ఉన్నదే పెట్టాలి, లేదా గాలితో నడిచి వాల్వు తిప్పే యాక్చుయేటరు. నీళ్ల లైనయితే మిగతాది చదువు.

బాల్ వాల్వులో చిల్లున్న బంతి పావు చుట్టు తిరిగి దారి మూస్తుంది. అది వారం రోజులు కదలకపోతే సీటు, అంటే బంతి ఆనుకునే రింగు, పట్టేస్తుంది. ఆ మొదటి కదలికకే బలం కావాలి, తరవాత తేలికే. కేటలాగులో 40 న్యూటన్ మీటర్లని ఉందనుకో, ఒకటిన్నర రెట్లు కట్టి 60 వేసుకో. 60:1 వర్మ్ గేరులో (మోటారు 60 చుట్లకి వాల్వు ఒక చుట్టు) సుమారు సగం బలం రాపిడికే పోతుంది గనక దక్కేది 30 రెట్లు. మోటారు దగ్గర 2 న్యూటన్ మీటర్లు చాలన్నమాట. వాల్వు పావు చుట్టుకి మోటారు 15 చుట్లు తిరగాలి. 300 ఆర్‌పీఎం (నిమిషానికి 300 చుట్లు) మీద 3 సెకన్లు.

దీనికి 86 మిల్లీమీటర్ల ముఖం ఉన్న స్టెప్పరు సరిపోతుంది. కాకపోతే ఏటంటే, దాని మీద రాసిన టార్కు (తిప్పే బలం) నిలబడి ఉన్నప్పటిది. వేగం పెరిగేకొద్దీ పడిపోతుంది. నువ్విచ్చే వోల్టేజీకి గీసిన కర్వు మీద 300 ఆర్‌పీఎం దగ్గర, కాస్త మిగులుతో, 3 న్యూటన్ మీటర్లయినా ఉందో లేదో చూడు. దాని అసలు జబ్బు వేరే. వాల్వు బిగుసుకుని స్టెప్పులు తప్పినా కంట్రోలరుకి తెలీదు, పల్సులన్నీ పంపేశాను గనక మూసేశాననుకుంటుంది. అందుకని రెండు చివర్లా లిమిట్ స్విచ్‌లు (అక్కడిదాకా వచ్చిందని చెప్పే స్విచ్‌లు) పెట్టు. మోటారు షాఫ్టుకి కాదు, వాల్వు కాడకి, అంటే బంతిని తిప్పే కడ్డీకి. కప్లింగు జారినా అప్పుడు తెలుస్తుంది.

సర్వోకి ఎంత తిరిగిందో కొలిచే ఎన్‌కోడరుంది, తేడా వస్తే అలారం కొడుతుంది. కానీ దాని 3000 ఆర్‌పీఎం నీకెందుకు? అంత వేగంగా మూస్తే నీళ్ల దెబ్బకి పైపులు అదిరిపోతాయి. పైగా మొరాయించిన వాల్వుని కాసేపు మూడు రెట్ల టార్కుతో తిప్పి కాడ విరిచేయగలదు. టార్కు లిమిట్ పెట్టకుండా నడపకు. రోజుకి నాలుగుసార్లు తెరిచి మూసేదానికి సర్వో దండగ. ప్రవాహాన్ని బట్టి క్షణక్షణం సర్దుకునే గ్లోబ్ వాల్వుకయితే సర్వోయే పెట్టు. గెయిన్ (తేడాకి ఎంత గట్టిగా స్పందించాలనే సెట్టింగు) ఎక్కువ పెడితే మాత్రం ముందుకీ వెనక్కీ ఊగి, కాడ చుట్టూ లీకు ఆపే గ్లాండ్ ప్యాకింగుని తినేస్తుంది.

కరెంటు పోతే వర్మ్ గేరు వాల్వుని ఉన్నచోటే పట్టేస్తుంది. అప్పుడు తనంతట తాను మూసుకోవాలంటే వర్మ్ కుదరదు, స్ప్రింగ్ రిటర్న్ (స్ప్రింగు బలంతో వెనక్కి వచ్చేది) కావాలి. 2018లో వచ్చిన తిత్లీలాంటి తుఫానుకి మన జిల్లాలో కరెంటు రోజుల తరబడి రాదు, చేతి చక్రం ఉన్న గేర్‌బాక్సే కొను. చేత్తో తిప్పాక స్టెప్పరుకి తానెక్కడుందో తెలీదు, కరెంటొచ్చాక ముందు హోమింగు, అంటే లిమిట్ స్విచ్ దాకా వెళ్లి స్థానం పోల్చుకోవడం, చేయించు.

వాల్వు నెత్తిమీద గేర్‌బాక్సు బిగించే ఐఎస్‌ఓ 5211 ప్రమాణం ఫ్లేంజి సైజు, కాడ కొలత రాసి పంపు. అవి లేకుండా గేర్‌బాక్సుకి ఆర్డరు పెట్టకు.