షెడ్డు సలహాలు: గువ్వలచెరువు ఘాట్ దిగుతుంటే బ్రేకు మెత్తబడింది

ప్రశ్న: అన్నగారికి నమస్కారం. మాది ప్రొద్దుటూరు. మా ఆయనకు బట్టల అంగడి ఉంది. 2009లో ఎనిమిది సీట్ల ఓమ్నీ కొన్నాము. ఆరు రోజులు అంగడి మూటలకు, ఆదివారం ఇంటిల్లిపాదికి అదే బండి. పోయిన నెల రాయచోటిలో పెళ్లికి తొమ్మిది మందిమి పోయి వస్తూ గువ్వలచెరువులో ఆగి పాలకోవా కొన్నాము. అక్కడి నుంచి ఘాట్ దిగుతుంటే సగం దారిలో బ్రేకు దూది తొక్కినట్టు మెత్తగా పోయిందంట. మా ఆయన హ్యాండ్‌బ్రేకు లాగి ఎట్లనో కొండ పక్కకు ఆపినారు. అర గంట కూర్చున్నాక చూస్తే మళ్లీ మామూలుగా పడింది! కడపలో ఒకాయన చూసి, "ఎండకు అట్లే అయితది, ఏం కాదు" అని కాస్త బ్రేక్ ఆయిల్ పోసి పంపించినాడు. ఇది కాక ముందు సీటు కింద కాలిపోయేంత వేడి. మనవడు వెనక కూర్చుంటే ప్రతిసారీ వాంతులు, మా అత్తకు తలనొప్పి. పక్క డోరు దానంతట అది జరుగుతుందని తాడు కట్టినాము. ఇప్పుడు మనవరాలి పుట్టువెంట్రుకలకు తిరుమల పోవాల. మా ఆయన ఇదే బండి అంటున్నారు. "2024లో ఐదేళ్లకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేసినారు కదా, బండి బాగలేకుంటే చేస్తారా?" అంటారు. టైర్ల గాట్లు కూడా బాగానే ఉన్నాయంటారు. ఆయన ఈ పేజీ తప్పకుండా చదువుతారు. కాస్త గట్టిగా రాయండి.
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: చెల్లెమ్మా, గట్టిగానే రాస్తాను. కానీ ముందు బావగారిని మెచ్చుకోవాలి. కాలి కింద బ్రేకు లేదని తెలిశాక కూడా బండిని లోయ వైపు పోనీయకుండా కొండ వైపు ఆపారంటే గుండె ధైర్యం ఉన్న మనిషే. ఇక బావగారూ, ఇది మీకు. ఘాట్ మొదలవగానే గేరు తీసి న్యూట్రల్‌లో వేశారా లేదా? మా చెల్లెలు రాయలేదు గానీ, ముప్పై ఏళ్లు కడపలో బస్సుల కింద పడుకుని పని చేసినవాణ్ని, అడగకుండా ఉండలేను.

పెట్రోల్ మిగులుతుందని చాలామంది ఇదే పని చేస్తారు. మీది ఇంజెక్షన్ బండి, అంటే పెట్రోల్ ఎంత పోవాలో దానిలోని కంప్యూటరే చూసుకుంటుంది. గేరులో ఉండి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే, చక్రాలే ఇంజిన్ను తిప్పుతాయి. అప్పుడు ఇంజిన్‌కు పెట్రోల్ పోవడం దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్‌లో వేస్తేనే ఇంజిన్ ఆగకుండా ఉండటానికి పెట్రోల్ పోస్తూ ఉండాలి. అంటే మిగిలేది ఏమీ లేదు, పోయేదే. పాత కార్బ్యురేటర్ బండ్ల కాలం నుంచి వచ్చిన అలవాటు ఇది.

పెట్రోల్ సంగతి పక్కన పెట్టండి. న్యూట్రల్‌లో దిగితే బరువంతా బ్రేకుల మీదే. ఖాళీ ఓమ్నీ దాదాపు ఎనిమిది వందల కిలోలు. తొమ్మిది మంది, పెళ్లి బట్టల పెట్టెలు, కోవా డబ్బాలు కలిపితే ఇంకో ఆరు వందలు అనుకోండి. అంత బరువు కొండ దిగే ఊపునంతా ముందు డిస్కులు, వెనక డ్రమ్ములే వేడిగా మార్చి తాగాలి. ఆ వేడి ప్యాడ్ల వెనక ఉన్న బ్రేక్ ఆయిల్‌కు ఎక్కుతుంది.

ఇక్కడే అసలు కథ. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఉప్పు డబ్బా మూత తీసిపెడితే ఉప్పు చెమ్మగిల్లినట్టు. డాట్ 3 అనే రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. అందులోకి నాలుగు శాతానికి కాస్త తక్కువ నీళ్లు చేరితే చాలు, 140 దగ్గరే మరగొచ్చు. మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి. ఆయిల్‌ను నొక్కితే కదలాలి కానీ నలగకూడదు. ఆవిరి నలుగుతుంది. అందుకే మీకు దూది తొక్కినట్టు అనిపించింది. అర గంటలో చల్లారింది, బుడగలు మళ్లీ ఆయిల్ అయిపోయాయి, బ్రేకు మామూలుగా పడింది. "ఎండకు అట్లే అయితది" అన్నాయన సగం నిజం చెప్పాడు. "ఏం కాదు" అన్నదే అబద్ధం. పైన కొత్త ఆయిల్ కాస్త పోస్తే, కింద చక్రాల దగ్గర ఉన్న పాత ఆయిల్ అక్కడే ఉంటుంది. మరిగేది అదే.

పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బండిలో బ్రేక్ ఆయిల్ ఉండే డబ్బా మూత తీసి చూడండి. కొత్త ఆయిల్ లేత పసుపు రంగులో, పల్చటి తేనెలా ఉంటుంది. మీది టీ డికాషన్ రంగులో ఉంటుందని పందెం కాస్తాను. మొత్తం తీయించి, నాలుగు చక్రాల దగ్గరా బ్రేకు పైపుల్లోని ఎయిర్ తీయించి కొత్తది పోయించండి. ఆయిల్ ఖరీదు మీరు ఆ రోజు కొన్న కోవాకు అటూ ఇటూగా వస్తుంది. పనిచేసే మనిషి సీలు తీయని డబ్బా మీ ముందే తెరవాలి. షెడ్డులో మూడు నెలలుగా సగం ఉన్న డబ్బా వద్దు, అది ఇప్పటికే తేమ తాగి ఉంటుంది.

చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, డిపోలో బస్సులకు తారీఖు ప్రకారం అన్నీ చేసిన నేను, నా సొంత జీపుకు నాలుగేళ్లు బ్రేక్ ఆయిల్ మార్చలేదు. నంద్యాల నుంచి గిద్దలూరు పోయే నల్లమల ఘాట్‌లో నాకూ ఇదే జరిగింది. పక్కన మా ఇంటావిడ ఉంది. ఆమె ఆ రోజు నాతో మాట్లాడలేదు, మరుసటి రోజు మాట్లాడిన మాటలు ఇక్కడ అచ్చు వేయలేము. అప్పటి నుంచి రెండేళ్లకోసారి మారుస్తున్నాను.

ఆయిల్ మార్చాక ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. ఇంజిన్ ఆపి పెడల్ నాలుగైదు సార్లు తొక్కండి. తర్వాత గట్టిగా తొక్కిపట్టి ముప్పై లెక్కపెట్టండి. మెల్లమెల్లగా కిందికి దిగిపోతుంటే ఎక్కడో కారుతోంది, లేదా పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టే మాస్టర్ సిలిండర్ లోపల వాషర్లు పోయాయి. స్ప్రింగులా మెత్తగా ఉంటే ఇంకా ఎయిర్ ఉంది. వెనక చక్రాల లోపలి వైపు టైరు గోడ మీద తడి జిడ్డు కనబడితే ఆ చక్రం దగ్గర బ్రేక్ షూలను నెట్టే వీల్ సిలిండర్ కారుతోంది. ఆ జిడ్డు బ్రేక్ షూల మీద పడితే ఆ పక్క బ్రేకు సరిగా పట్టదు. ఈ మూడింట్లో ఏది ఉన్నా బండి వీధి దాటకూడదు.

ఘాట్‌లో ఎలా దిగాలి? మా పాత డ్రైవర్ల లెక్క ఒకటే: ఏ గేరులో ఎక్కావో ఆ గేరులో దిగు. ఓమ్నీకి ఉన్నవే నాలుగు గేర్లు. గువ్వలచెరువు లాంటి చోట రెండో గేరు, మరీ పల్లంగా లేని చోట మూడో గేరు. ఇంజిన్ గోల పెడుతుంది, పెట్టనీయండి. బ్రేకు మీద కాలు వేసి ఉంచొద్దు. గట్టిగా తొక్కి వేగం తగ్గించి వదిలేయండి, మళ్లీ అవసరమైతే తొక్కండి. ఇంజిన్ ఆపేసి దిగే మహానుభావులు కూడా ఉన్నారు. ఆపితే కాలి బలానికి తోడిచ్చే బూస్టర్ పనిచేయదు, రెండు మూడు తొక్కుళ్ల తర్వాత పెడల్ రాయిలా గట్టిబడుతుంది.

ఇక మనవడి వాంతులు. నిజానికి మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే. వెనక్కి తిరిగి కూర్చుంటే పిల్లలకు వాంతులు మామూలే. కానీ వెనకే కూర్చునే అత్తమ్మకు కూడా తలనొప్పి అంటున్నారు. బండి దిగి బయట గాలి తగిలాక ఆమెకు తలనొప్పి తగ్గుతోందా, కనుక్కోండి. తగ్గుతుంటే సైలెన్సర్ పొగ లోపలికి వస్తోందని అనుమానించాలి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా దాన్నే గట్టిగా పట్టుకుంటుంది. నిద్రపోతున్న పిల్లవాడు స్పృహ తప్పినా నిద్రలోనే ఉన్నాడనుకుంటాము.

మీ బండిలో ఇంజిన్ ముందు సీట్ల కిందే ఉంటుంది. దాని మూత చుట్టూ ఉండే రబ్బరు ఎండిపోయి చిట్లితే వేడి, పొగ రెండూ లోపలికే. సీటు కింద కాలుతోందన్నారు కదా, మొదట అక్కడ చూడండి. తర్వాత వెనక డోరు చుట్టూ ఉండే రబ్బరు బీడింగు. ఒక కాగితం డోరుకు అడ్డం పెట్టి మూసి లాగండి. బిగుసుకుంటే మంచిది. సులువుగా జారి వచ్చేస్తే అక్కడ సందు ఉంది, చుట్టూ పది చోట్ల ఇలాగే చూడండి. బండి పరుగెత్తేటప్పుడు వెనక సుడి తిరిగే గాలి పొగను ఆ సందుల్లోంచి లోపలికి లాగుతుంది. సైలెన్సర్ పైపు అతుకుల దగ్గర నల్ల మసి చారలు ఉన్నాయా అని కూడా చూడాలి. ఇది సరిచేసే దాకా పిల్లవాణ్ని వెనక కూర్చోబెట్టొద్దు, ముందు అద్దాలు దించే నడపండి.

వేడి గురించి ఎక్కువ చెప్పను. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోస్తున్నారని నాకు తెలుసు, మన జిల్లాలో పోయని ఇల్లు లేదు. గిన్నె అడుగున తెల్లగా పేరుకునే ఉప్పే రేడియేటర్ గొట్టాల్లోనూ పేరుకుంటుంది. కడిగించి కూలెంట్ పోయించండి. ఇంజిన్‌ను సరైన వేడిలో ఉంచే థర్మోస్టాట్ వాల్వ్‌ను "పీకేద్దాం, చల్లగా నడుస్తుంది" అనే మెకానిక్ దొరికితే నమస్కారం పెట్టి వచ్చేయండి.

టైర్ల గాట్లు బాగున్నాయంటే బండి తక్కువ తిరిగిందని అర్థం, టైరు మంచిదని కాదు. టైరు గోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 3214 అని ఉంటే అది 2014లో 32వ వారంలో తయారైంది. స్టెప్నీతో సహా అయిదింటినీ చదవండి. గోడ మీద వేసవి చెరువులా పగుళ్లు ఉంటే గాట్లు ఎంత లోతున్నా మార్చాల్సిందే. నా లెక్కలో ఆరేళ్లు దాటిన టైరుతో, ఎనిమిది మందితో, మే నెల ఎండలో రాజంపేట రోడ్డు ఎక్కకూడదు. డోరుకు కట్టిన తాడు ఈ రోజే కోసేయండి. రేపు బండి పక్కకు ఒరిగితే బయటి వాళ్లు ఆ డోరు తీయలేరు. అరిగిపోయింది రోలరో, లాకో, అంతే. చిన్న పని.

రెన్యువల్ సంగతి. బావగారూ, ఆ కాగితం 2024లో ఆ రోజు బండి ఎట్లుందో చెబుతుంది. గువ్వలచెరువు ఆ తర్వాత జరిగింది.

బండి అమ్మాలా, ఉంచాలా అని మీరు అడగలేదు, అయినా చెబుతాను. ఓమ్నీ తయారీ 2019లో ఆగిపోయింది. కొత్త కార్లకు ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది), డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయిన ఏడాది అదే. మీ బండికి ముందు బానెట్ లేదు. ఎదురుగా గుద్దుకుంటే ముందు కూర్చున్నవాళ్ల మోకాళ్లే బంపరు. దీన్ని ఏ మెకానిక్కూ బాగుచేయలేడు. పైవన్నీ చేయిస్తే ప్రొద్దుటూరు వీధుల్లో బట్టల మూటలకు ఇంకా కొన్నేళ్లు దివ్యంగా పనికొస్తుంది. నేనైతే పిల్లల్ని ఎక్కించి హైవే మీదికి తీసుకుపోను.

తిరుమలకు ఇదే బండి అని పట్టుబడితే, పైన చెప్పినవన్నీ అయ్యాక, ఆర్సీలో రాసిన ఎనిమిది మందికి మించకుండా, పగటి పూట తిరుపతి దాకా పోండి. బండి కిందే పెట్టి కొండ మీదికి ఆర్టీసీ బస్సు ఎక్కండి. నేను ఆర్టీసీ మనిషిని కాబట్టి అలా అంటున్నానని బావగారు అనుకుంటే అనుకోనీ. పాపకు గుండు కొట్టించాక ఆ మొదటి ఘాట్ మలుపుల్లో కాలి కింద పెడల్ గురించి కాక పాప గురించి మాట్లాడుకుంటూ దిగొచ్చు.

ప్రశ్న: ఎల్పీజీ గ్యాస్ కిట్ ఉన్న పాత వ్యాను సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అప్పుడప్పుడు గ్యాస్ వాసన వస్తోంది. కిట్ కాగితాలు ఇవ్వలేదు. నడపొచ్చా?
– ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: వద్దు తమ్ముడూ. ఎల్పీజీ గాలి కన్నా బరువు, పైకి పోదు, కాళ్ల దగ్గరే నిలుస్తుంది. వాసన వస్తే తాళం తిప్పొద్దు, లైటు వేయొద్దు, డోర్లన్నీ తీసి దూరంగా నిలబడండి. బండిని తోసి నీడకు చేర్చి, కిట్ పని తెలిసినవాణ్ని ఇంటికే పిలిపించండి. ఆర్సీలో ఇంధనం దగ్గర ఎల్పీజీ అని ఎక్కించి ఉందో లేదో చూడండి. గ్యాస్ ట్యాంకుకు ఐదేళ్లకోసారి పరీక్ష చేయించాలి, చివరి పరీక్ష తేదీ దాని మీదే ఉంటుంది. అసలు అది వాహనాల ట్యాంకు కాకుండా ఇంటి వంట సిలిండర్ అయితే, మాట్లాడటానికి ఇంకేం లేదు, తీయించేయండి. పెట్రోల్ మీద నడుస్తుంది కదా.