నెడ్ విలియమ్సన్ హోమ్ రన్లు 27 నుంచి 3కి పడింది మోకాలి గాయంతో కాదు

మీ ప్రశ్న: 1884లో 27 హోమ్ రన్లు (ఒకే దెబ్బతో నాలుగు బేస్‌లూ చుట్టి వచ్చేవి) కొట్టిన అమెరికా బేస్‌బాల్ జట్టు షికాగో వైట్ స్టాకింగ్స్ ఇన్‌ఫీల్డర్ (బేస్‌ల దగ్గర కాపు కాసే ఆటగాడు) నెడ్ విలియమ్సన్ మరుసటి ఏడాది మూడే ఎందుకు కొట్టాడు, గాయమే కారణమా, మళ్ళీ ఎందుకు కోలుకోలేదు?

ఇవి రెండు వేరు వేరు సంగతులు. 1885లో అతన్ని ఆటకు దూరం చేసిన గాయం ఏదీ లేదు. ఆ ఏడు షికాగో 113 మ్యాచ్‌లు ఆడితే, 113లోనూ విలియమ్సన్ ఉన్నాడు. మోకాలు దెబ్బతిన్నది 1889 మార్చి 8న, పారిస్‌లో. ఈ మధ్యలో మంచి ఆట నాలుగేళ్ళు నడిచింది.

హోమ్ రన్లు తగ్గడానికి కారణం మైదానం. షికాగో జట్టు 1884 వరకు లేక్‌ఫ్రంట్ పార్క్‌లో ఆడింది. అక్కడ ఎడమవైపు కంచె 180 అడుగులు, కుడివైపు 196 అడుగులు. క్రికెట్ తెలిసినవారికి చెప్పాలంటే, 180 అడుగులంటే 60 గజాలు. ఇప్పుడు పురుషుల అంతర్జాతీయ క్రికెట్‌లో అతి దగ్గరి బౌండరీయే 65 గజాలు ఉండాలి. 1883లో ఆ కంచె దాటిన బంతికి రెండు బేస్‌లే ఇచ్చేవారు. అందుకే ఆ ఏడు విలియమ్సన్ ఖాతాలో 49 డబుల్స్ (రెండు బేస్‌ల దెబ్బలు), 2 హోమ్ రన్లు ఉంటాయి. 1884లో నియమం మార్చి అదే దెబ్బను హోమ్ రన్‌గా లెక్కించారు. డబుల్స్ 18కి దిగాయి, హోమ్ రన్లు 27కి ఎక్కాయి. ఆ 27లో 25 సొంత మైదానంలోనివే. 1885లో జట్టు వెస్ట్ సైడ్ పార్క్‌కి మారింది.

అనుమానం ఉంటే పక్కవాళ్ళ అంకెలు చూడండి. ఫ్రెడ్ ఫెఫర్ 25 నుంచి 5కి, డాల్‌రింపుల్ 22 నుంచి 11కి, క్యాప్ ఆన్సన్ 21 నుంచి 7కి పడ్డారు. అందరికీ ఒకే ఏడాది మోకాళ్ళు పోవు కదా.

అసలు గాయం సంగతికి వస్తే, 1888 అక్టోబరులో వైట్ స్టాకింగ్స్ యజమాని ఆల్బర్ట్ స్పాల్డింగ్ జట్టును ప్రపంచ యాత్రకు తీసుకెళ్ళాడు. హవాయి, ఆస్ట్రేలియా, కొలంబో, ఈజిప్టు, ఇటలీ మీదుగా పారిస్ చేరారు. అక్కడ ఆడింది బేస్‌బాల్ కోసం చేసిన నేల మీద కాదు, గులకరాళ్ళు నిండిన మైదానం. బేస్‌ల మధ్య పరుగులో ఉండగా ఆ రాళ్ళ నేల మీద విలియమ్సన్ మోకాలు చిప్ప దగ్గర చీలిపోయింది. యాత్ర బ్రిటన్‌లో సాగుతుంటే అతను లండన్‌లో మంచం పట్టాడు.

ఎక్స్‌రే కనిపెట్టింది 1895లో. కాబట్టి 1889లో లోపల ఏం తెగింది, ఏది విరిగింది అన్నది పైనుంచి తడిమి ఊహించాల్సిందే. చికిత్స ప్రధానంగా కదలకుండా కట్టి ఉంచడం. అలా నెలల తరబడి కదపకపోతే కీలు బిగుసుకుంటుంది, తొడ కండరం సన్నబడుతుంది. అప్పటికి అతను ఆడుతున్నది షార్ట్‌స్టాప్, అంటే రెండో, మూడో బేస్‌ల మధ్య కాపు. ఈ స్థానంలో చెయ్యి కన్నా మోకాలే ముందు పరీక్షకు నిలబడుతుంది: పక్కకు దూకి, ఒక్క కాలి మీద బరువంతా ఆపి, ఒళ్ళు తిప్పి ఫస్ట్ బేస్‌కి విసరాలి. భారీకాయుడికి ఇది మరీ కష్టం.

పైగా 1891 వరకు ఇష్టం వచ్చినప్పుడు ఆటగాణ్ణి మార్చే వీలు లేదు. సగం కోలుకున్నవాణ్ణి రెండు ఇన్నింగ్స్ ఆడించి కూర్చోబెట్టడం తేలిక కాదు. గాయపడ్డవారికి జీతం ఇవ్వాలన్న పట్టింపు కూడా క్లబ్బులకు లేదు. నా దృష్టిలో అతని ఆట ముగియడానికి ఈ నియమాల పాత్ర గాయం పాత్ర కన్నా తక్కువేమీ కాదు.

అంకెల్లో చూస్తే ఇలా ఉంటుంది: 1888లో 132 మ్యాచ్‌లు, 1889లో 47. 1890లో ఆటగాళ్ళే నిలబెట్టిన ప్లేయర్స్ లీగ్‌లో షికాగో తరఫున 73 మ్యాచ్‌లు, బ్యాటింగ్ సగటు 0.195. అక్కడితో ఆగిపోయింది. 1894 మార్చి 3న ఆర్కన్సాలో ఒళ్ళు నీరుపట్టే జబ్బుతో చనిపోయాడు. వయసు 36.

ఆ కాలపు ఏ ఆటగాడి పట్టిక చదివినా ముందు మ్యాచ్‌ల గడి చూడండి. జట్టు ఆడిన మొత్తం మ్యాచ్‌లతో పోల్చండి, ఎందుకంటే అప్పట్లో సీజన్ పొడవు ఏటా మారేది. విలియమ్సన్ 1878లో ఆడినవి 63 మ్యాచ్‌లే. గాయం అనుకుంటే పొరపాటు, షెడ్యూలే అంత చిన్నది. మ్యాచ్‌లు తగ్గకుండా కొట్టుడు ఒక్కటే తగ్గితే మైదానాన్నీ ఆ ఏటి నియమాలనూ వెతకండి. రెండూ కలిసి పడితే గాయాన్నో జబ్బునో అనుమానించండి. చేతి గాయాలు మాత్రం ఈ లెక్కకు దొరకవు. అప్పటి ఇన్‌ఫీల్డర్లు చాలామంది ఉత్త చేతులతోనో, వేళ్ళు కోసేసిన పల్చటి గ్లవ్‌తోనో 5 ఔన్సుల బంతిని ఆపేవారు; వేలు విరిగినా కట్టుకట్టుకుని మర్నాడు దిగేవారు. దాని జాడ మ్యాచ్‌ల గడిలో ఉండదు. ఎర్రర్ల (ఫీల్డింగ్ తప్పుల) గడిలో వెతకాలి.