కంటి వెనుక గడ్డ ఉన్నా చూపు బాగానే ఉంటే ఆపరేషన్ వాయిదా వేయవచ్చా?

మీ అమ్మగారి ఎడమ కన్ను ఏడాదిగా ముందుకు వస్తోందని, స్కానింగులో కంటి వెనుక గడ్డ కనిపించిందని, అయినా అక్షరాలు బాగానే చదువుతున్నారు కనుక ఆగవచ్చా అని అడిగారు. కావలిలో ఉండే మా అక్కకు ఇదే సమస్య వచ్చింది. ఆగవచ్చో లేదో తేల్చేది కన్ను ఎంత ఉబ్బిందన్నది కాదు, కంటి నరం నలుగుతోందా లేదా అన్నదే.

కనుగుడ్డు ఉండే ఎముకల గూటిలో పట్టేది సుమారు 30 మిల్లీలీటర్లే. చుట్టూ ఎముకే కాబట్టి లోపల గడ్డ పెరిగితే గుడ్డు ముందుకు జరుగుతుంది. గూటి ముందు భాగంలో గడ్డ పెద్దదైనా చూపు నిలవవచ్చు గానీ, నరం మెదడు వైపు వెళ్లే ఇరుకు చోట చిన్న గడ్డ సైతం, కన్ను అంతగా ఉబ్బకుండానే, చూపును దెబ్బతీయగలదు.

అక్కకు మొదట కుడి కంటికి మాత్రమే ప్లస్ పవరు పెరుగుతూ వచ్చింది. చత్వారమని అద్దాలు మార్చారు. చత్వారం రెండు కళ్లకూ వస్తుంది; గడ్డ వెనుక నుంచి గుడ్డును నొక్కితే ఆ ఒక్క కంటికే పవరు మారుతుంది. చెన్నైలో డాక్టరుగారు చుక్కల మందు సీసా ఎర్ర మూతను ఒక్కో కంటికి విడిగా చూపించారు. ఎడమ కంటికి నిండు ఎరుపుగా కనిపించిన మూత, కుడి కంటికి వెలిసిన ఇటుక రంగులో ఉందని అక్క చెప్పింది. కంటి నరం నలుగుతోందనడానికి అదే గుర్తు. బోర్డు మీద ఆఖరి వరుస దాకా చదివిన కన్నే అది!

ఆమెకు ఉన్నది కేవర్నస్ హెమాంజియోమా, అంటే నెమ్మదిగా పెరిగే, క్యాన్సర్ కాని రక్తనాళాల గడ్డ. నడివయసు స్త్రీలలో ఎక్కువగా కనిపిస్తుందట. కణత వైపు ఎముక తెరిచి తీశారు. కొన్ని వారాలు ఒకే వస్తువు రెండుగా కనిపించి, తర్వాత సర్దుకుంది. రంగులు తేటపడ్డాయి గానీ పక్కచూపు కొంత తిరిగి రాలేదు. చచ్చిపోయిన నరపు పోగులు మళ్లీ మొలవవు.

అందుకే రంగుల పరీక్ష, విజువల్ ఫీల్డ్ (పక్కచూపు ఎంత ఉందో చూసే) పరీక్ష చేశారో లేదో తప్పక అడగండి. అవి బాగుంటే, గడ్డ స్వభావాన్ని బట్టి, కొన్ని నెలలకోసారి చూపిస్తూ ఆగమని డాక్టర్లే చెప్పవచ్చు. నొప్పి ఉన్నా, వారాల్లోనే పెరుగుతున్నా ఒక్కరోజు కూడా ఆగకండి. మన వైపు నుంచి చెన్నై శంకర నేత్రాలయకు గానీ, విజయవాడ ఎల్.వి. ప్రసాద్‌కు గానీ వెళ్లి, ఆర్బిట్ (కనుగుడ్డు ఉండే ఎముకల గూడు) చూసే ఆక్యులోప్లాస్టీ డాక్టరునే, అంటే కనురెప్పలకు, కంటి గూటికి ఆపరేషన్లు చేసే నిపుణులనే అడగండి. స్కానింగు సీడీతో పాటు అమ్మగారి పాత కళ్లద్దాల చీటీలన్నీ వెంట తీసుకెళ్లండి. ఏ కంటికి ఎప్పటి నుంచి పవరు మారిందో వాటిలోనే తెలుస్తుంది.