జీడి గోదాములో ట్రాలీ తోసే అల్లుడికి

అల్లుడూ,

పలాసలో జీడి ఫ్యాక్టరీ గోదాములో చేరావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. బస్తాలు మొయ్యక్కర్లేదు, ట్రాలీ తోసుకుపోవడమేనని సంబరపడుతున్నావట. అందుకే ఈ ఉత్తరం.

జీడి పిక్కల బస్తా 80 కిలోలు. అయిదేస్తే 400. చదును నేల మీద అది నీ మాట వింటుంది గానీ, ఆపబోతే అప్పుడు తెలుస్తుంది దాని బరువు. ఆగాల్సిన చోటు రాకముందే నెమ్మదించు. లాగొద్దు, తొయ్యి. లాగితే నడుం మెలి తిరుగుతుంది, చక్రం మడమెక్కుతుంది.

ర్యాంపు దగ్గర మాత్రం లెక్క వేరు. రెండు చక్రాల బండితో దిగేటప్పుడు సరుకు ముందు, నువ్వు వెనక. ఎక్కేటప్పుడు నువ్వు పైకి నడుస్తూ దాన్ని లాక్కో. ఎటైనా సరే, సరుకు పల్లం వైపే ఉండాలి. నాలుగు చక్రాల ట్రాలీ నిండుగా ఉంటే ఒంటరిగా ర్యాంపెక్కకు, సగం దించి రెండు ట్రిప్పులు వెయ్యి. మేస్త్రి విసుక్కుంటే విసుక్కోనీ.

పొద్దున్నే ఖాళీ ట్రాలీని ఓసారి బోర్లించి చూడు. గోనెల నుంచి ఊడిన పురికొస చక్రం ఇరుసుకి చుట్టుకుని, దుమ్ముతో కలిసి గట్టిగా బిగుసుకుంటుంది. చక్రం తిరగదు, ఈడ్చుకుపోతుంది, బండి ఓ పక్కకి లాగేస్తుంది. కుర్రాళ్ళు బండి పాడైందనుకుని ఇంకా గట్టిగా తోస్తారు. బ్లేడుతో కోసి లాగేస్తే రెండు నిమిషాల పని.

జీడిపప్పు టిన్ను 11.34 కిలోలే, పెట్టెకి రెండే. తేలికేగా అని ఎత్తుగా పేర్చేస్తారు. నీ కళ్ళకి అడ్డొచ్చేంత పేర్చకు. తలుపులు దాటేటప్పుడు వేళ్ళు హ్యాండిల్ లోపలి వైపు ఉంచు, లేకపోతే ద్వారబంధానికి నలిగిపోతాయి. హ్యాండిల్ లేని చక్రాల పలకలు, డాలీలుంటాయి చూడు, వాటిని దారిలో వదలకు. ఎవరో కాలేస్తారు, జర్రున జారిపోతుంది.

సరుకు ఒరిగిందా, పట్టుకోబోకు. వదిలేసి పక్కకి తప్పుకో. పోతే పిక్కలు పోతాయి, ఏరుకోవచ్చు.

జీడి తొక్కల నూనె నేల మీద పడితే ముందు రంపప్పొట్టు చల్లించు, ఆ తర్వాతే బండి కదుపు. అది ఒంటికి తగిలినా బొబ్బలెక్కుతుంది. నువ్వేమో హవాయి చెప్పులతో వెళ్తున్నావట! జీతం వచ్చేదాకా ఆగకు, ఈ ఆదివారమే కాశీబుగ్గలో వేళ్ళ దగ్గర గట్టిగా ఉండే బూట్లు కొనుక్కో. డబ్బులు మీ అమ్మకి పంపాను.

మీ మావయ్య