బెంజోయిక్ ఆమ్లం గరాటులోనే గడ్డకడుతుంటే

బెంజోయిక్ ఆమ్లాన్ని శుద్ధి చేయడానికి మరిగే నీటిలో కరిగించి వడపోస్తుంటే కాగితం మీదే తెల్లగా పేరుకుపోతోందనీ, ఆ భయంతో నీరు ఎక్కువ పోస్తే చివరికి సగం సరుకు కూడా చేతికి రావడం లేదనీ రాశారు. కోనసీమలోని ఒక డిగ్రీ కళాశాల ప్రయోగశాలలో చేరిన కొత్తలో నేనూ సరిగ్గా ఈ రెండు తప్పులే చేశాను.

ముందు నీటి సంగతి. 100 మి.లీ. నీరు మరిగే వేడిలో సుమారు 5.6 గ్రాముల ఆమ్లాన్ని కరిగించుకుంటుంది. 40 డిగ్రీల వద్ద 0.55 గ్రాము, 25 డిగ్రీల వద్ద 0.34 గ్రాము మాత్రమే తనలో ఉంచుకుంటుంది. నేను 5 గ్రాములకు 400 మి.లీ. పోసి, గదిలోనే 40 డిగ్రీలున్న మే నెలలో, ఉన్నచోటే చల్లారనిచ్చి వడపోశాను. అంటే దాదాపు 2.2 గ్రాములు నీటిలోనే ఉండిపోయాయి. ఆ నీటిని సింకులో పారబోసిందీ నేనే. 5 గ్రాములకు 120 మి.లీ. చాలు. కరగడానికి 90 పోగా మిగిలినది వడపోతలో తగ్గే వేడిని కాచుకోవడానికి.

ఇక గరాటు. కాడ పొడవుగా ఉంటే ద్రావణం దిగేలోపే చల్లారి స్ఫటికాలు దారి మూసేస్తాయి. పొట్టి కాడ గరాటు తీసుకుని, కాగితాన్ని విసనకర్రలా ముడతలు పెట్టి, ముందుగా మరిగే నీటితో తడిపి వేడెక్కించి, ద్రావణాన్ని పొయ్యి మీదే ఉంచుకుంటూ కొద్దికొద్దిగా పోయండి. రంగు పోవడానికి ఉత్తేజిత బొగ్గు వేసేటట్లయితే పొయ్యి దించి ఒక నిమిషం ఆగాకే వేయాలి. మరుగుతున్నదానిలో వేస్తే ఒక్కసారిగా పొంగి మీద పడుతుంది.

ఈ వడపోత కరగనివాటినే పట్టుకుంటుంది. కాలవ నీటిలో పటిక తిప్పితే ఒండ్రు అడుక్కి దిగుతుంది గాని ఉప్పదనం పోదు కదా. కరిగిన మలినాలు వేరుపడేది చల్లారేటప్పుడే. తొందరపడి వెంటనే మంచులో పెడితే స్ఫటికాలు గబగబా ఏర్పడి మలినాలను లోపలే బిగించుకుంటాయి కాబట్టి, బీకరును వాచ్‌గ్లాసుతో (పల్లపు గాజు పళ్లెంతో) మూసి, చెక్క పలక మీద కదపకుండా ఉంచి, గది వేడికి వచ్చాకే మంచులో దించాలి. మాకు ఆ మంచు చేపల మార్కెట్టు నుంచి వచ్చేది. నీచువాసన ఉన్నా అది బీకరు బయటే ఉంటుంది.

ఆ తర్వాత స్ఫటికాలను బుక్నర్ గరాటు (అడుగున చిల్లులున్న చదునైన గరాటు) మీద వేసి, కింది నుంచి గాలి లాగి నీటిని పీల్చి, చల్లని స్వేదనజలంతో రెండుసార్లు, 5 మి.లీ. చొప్పున మాత్రమే కడగండి. శుద్ధమైన బెంజోయిక్ ఆమ్లం 122 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మలినాలుంటే అంతకు ముందే మెత్తబడుతుంది. నా మొదటి నమూనా 116 డిగ్రీల నుంచే మెత్తబడింది. ఇలా చేసిన రెండోది 121, 122 మధ్య కరిగింది.