ఇరవై గళ్ల చందమామ

చెల్లెమ్మా,

గురుగ్రహం లోపలి ఉపగ్రహాల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆ చిన్న చందమామలంటే నీకెంత ఇష్టమో ప్రతి పేరాలో తెలుస్తోంది. ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. "మెటిస్ మీది కొండలూ లోయలూ కళ్లకు కట్టినట్టు కనిపిస్తున్నాయి" అన్నావు. కనిపించవమ్మా.

2000 జనవరిలో గెలీలియో అంతరిక్ష నౌక తీసిన ఫొటో అది. అందులో ఒక్కో పిక్సెల్, అంటే ఫొటోలోని ఒక్కో గడి, దాదాపు 3 కిలోమీటర్లు. మెటిస్ పొడవు చూస్తే 60 కిలోమీటర్లే. అంటే ఆ చివర నుంచి ఈ చివరకు ఓ ఇరవై గళ్లు. ఫొటోని కంప్యూటర్‌లో బాగా పెద్దది చేసి చూడు. నున్నగా కనిపించిన అంచు మెట్లు మెట్లుగా విడిపోతుంది. నువ్వు కొండ అనుకున్నది ఒక బూడిదరంగు గడి, లోయ అనుకున్నది దాని పక్కనే కాస్త ముదురు గడి. ఆ గళ్ల గురించే రాయి. అంత దూరం వెళ్లిన నౌకకు చిక్కింది అంతేనని తెలిస్తే చదివేవాళ్లకి ఒళ్లు జలదరిస్తుంది.

థీబీ సంగతి వేరు. 116 కిలోమీటర్ల పొడుగున్న ఉపగ్రహం మీద 40 కిలోమీటర్ల గొయ్యి, జీథస్. అది నిజంగానే కనిపిస్తుంది, ధైర్యంగా రాసేయ్.

అమాల్థియా నీళ్లకన్నా తేలికని రాశావు, నిజమే. కానీ "ఫొటోల్లో తేలింది" అన్నావు. కాదు. 2002 నవంబరులో గెలీలియో దాని పక్కనుంచి వెళ్తున్నప్పుడు, ఆ గురుత్వాకర్షణకి నౌక వేగం ఎంత మారిందో రేడియో సిగ్నల్‌లో చూసి బరువు లెక్కగట్టారు. చూసి తెలుసుకున్నదీ లెక్కగట్టి తెలుసుకున్నదీ కలిపేయకు. నేనూ మొదట్లో, రంగులు పెంచిన ఫొటో చూసి అదే అసలు రంగని రాశాను. అచ్చయ్యాక తెలిసింది. ఆ పేజీ కనబడితే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అడ్రాస్టియాకి నువ్వు ఒక్క వాక్యమే ఇచ్చావు, అన్యాయం! 1979లో వాయేజర్-2 నౌక తీసిన ఫొటోల్లో ఓ చిన్న గుర్తుగా దొరికింది అది. పట్టుకున్న ఇద్దరిలో ఒకరైన డేవిడ్ జూయిట్ అప్పటికింకా విద్యార్థే. టెలిస్కోపుతో కాకుండా, గ్రహాల దాకా వెళ్లిన నౌక పంపిన ఫొటోల్లో మొదటిసారి దొరికిన ఉపగ్రహం అదే. వ్యాసం అక్కడ మొదలుపెట్టి చూడు.

వలయాల భాగం మాత్రం ముట్టుకోకు. ఉల్కలు గుద్దుకుని ఈ చందమామల మీంచి లేచిన దుమ్మే గురుడి చుట్టూ వలయాలుగా పరుచుకుందని చాలా చక్కగా చెప్పావు.

మెటిస్ పేరా తిరగరాసి పంపు. ఎదురుచూస్తుంటాను.

మీ అన్నయ్య