తోట రాసివ్వకండి, ప్రీమియం ఆపకండి

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. నాకు 56, మావారికి 61. ఆయనకు సుగర్. ఎకరంన్నర కొబ్బరితోట, చిన్న కిరాణా కొట్టు ఉన్నాయి. సగటున నెలకు 30 వేలు వస్తాయి, ఇంటి ఖర్చు 22 వేలు. మా అబ్బాయి ఒక కేసులో నాలుగు నెలలుగా రాజమండ్రి సెంట్రల్ జైల్లో రిమాండ్‌లో ఉన్నాడు. 8 లక్షలు ఖర్చు పెడితే బెయిల్ వస్తుందని తెలిసినాయన ఒకరు అంటున్నారు. తోటకు అమ్మకం అగ్రిమెంటు రాసిస్తే మూడు రూపాయల వడ్డీకి ఆ డబ్బు ఇస్తామంటున్నారు. 5 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా తీసేద్దామనుకుంటున్నాం. ఆరేళ్లుగా కడుతున్న ఆరోగ్య బీమా ప్రీమియం 34 వేలు వచ్చే నెల కట్టాలి. ఈ ఏడాదికి ఆపేయవచ్చా?

జవాబు: ఆపొద్దమ్మా. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా భయపెట్టింది ఆ చివరి మాటే. ఆరేళ్లు కట్టారంటే పాత జబ్బులకు క్లెయిమ్ ఇవ్వకుండా ఆగమనే వెయిటింగ్ పీరియడ్ ఎప్పుడో దాటేశారు. అయిదేళ్లు నిండిన పాలసీలో, మోసం రుజువైతే తప్ప, మీరు ఫలానా జబ్బు చెప్పలేదంటూ కంపెనీ క్లెయిమ్ కొట్టేయడానికి వీల్లేదు. గడువు తేదీ తర్వాత కట్టుకోవడానికి ఇచ్చే గ్రేస్ పీరియడ్ కూడా దాటిపోతే ఇదంతా పోయినట్టే. కొత్త పాలసీలో మీవారి సుగర్‌కు మూడేళ్ల దాకా ఆగమనవచ్చు. సరిగా తినక, నిద్రలేక, టెన్షన్‌తో ములాఖత్‌లకు తిరిగే ఏడాదిలోనే బీమా వదులుకుంటారా?

రెండోది డిపాజిట్. పిల్లాడు లోపల ఉంటే తల్లి చేయి నిలవదు, అర్థమవుతుంది. కానీ మొదటి కొన్ని నెలల్లోనే ఉన్నదంతా ఊడ్చిపెట్టి, విచారణ మొదలయ్యేసరికి వాయిదాకు వెళ్లడానికి బస్సు చార్జీలు కూడా వెతుక్కునే ఇళ్లు చాలా ఉన్నాయి. కేసులు ఏళ్లు సాగుతాయి. మీ ఆదాయం నెలనెలా ఒకేలా వచ్చేది కాదు, కొబ్బరి దింపుకీ దింపుకీ మధ్య చేయి ఖాళీ. అందుకే అత్యవసరానికి దాచుకోమని అందరికీ చెప్పే ఆరు నెలల ఖర్చు మీకు చాలదు. తొమ్మిది నెలల ఇంటి ఖర్చు, అంటే 2 లక్షలు, విడిగా మీ ఇద్దరి పేరున వేసేయండి. లాయరు అడిగినా, అబ్బాయి అడిగినా అది లేదనే అనుకోండి. ప్రీమియం కట్టగా మిగిలిన రెండున్నర లక్షల పైచిలుకే కేసు డబ్బు. బెయిల్ పిటిషన్‌కు ఎంత, విచారణకు ఎంత అని లాయరుతో విడివిడిగా మాట్లాడుకుని రసీదు తీసుకోండి.

ఆ డబ్బూ చాలకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. 1987 చట్టం ప్రకారం కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. 15100కు ఫోన్ చేయండి, జైలు ద్వారా కూడా అర్జీ పెట్టుకోవచ్చు.

ఇక మూడు రూపాయల వడ్డీ. 8 లక్షలకు నెలకు 24 వేలు. మీకు మిగిలేది 8 వేలు. ఈ లెక్క వేయకుండానే తోట మీద సంతకం పెట్టేద్దామనుకున్నారా? అసలు తీరే మాట దేవుడెరుగు, వడ్డీకే ఏటా 2 లక్షల 88 వేలు కావాలి. అప్పుకు అమ్మకం అగ్రిమెంటు ఎందుకు అడుగుతున్నారో కూడా ఆలోచించండి, వాళ్ల కన్ను తోట మీదే. పైగా రేపు నిజంగా బెయిల్ వచ్చినప్పుడు జామీనుకు భూమి కాగితాలు చూపాల్సి రావచ్చు. ఆ 8 లక్షల పెద్దమనిషికి ఒక దండం పెట్టండి. బెయిల్ ఇచ్చేది జడ్జి. ఆ పెద్దమనిషి చేతుల్లో ఏమీ లేదు.

మరీ తప్పకపోతే బ్యాంకులో బంగారం మీద అప్పు, అదీ లక్ష దాటకుండా. ఖాళీ ప్రోనోటు మీదా, ఖాళీ చెక్కు మీదా మాత్రం సంతకం వద్దు.

అబ్బాయి పేరున బండి లోన్ గానీ, పర్సనల్ లోన్ గానీ ఉంటే వసూలు వాళ్లు మీకు ఫోన్లు చేస్తారు. మీరు జామీను సంతకం గానీ, సహ దరఖాస్తుదారుగా సంతకం గానీ పెట్టి ఉండకపోతే ఆ బాకీ మీది కాదు. ఆ మాటే చెప్పి ఫోన్ పెట్టేయండి.